కల్తీ లేని పెళ్లికొడుకు

మా పై అంతస్తులో క్వెతా ఉంటుంది. చెక్ దేశంలో మా ఒస్ట్రావా ఊళ్లో ట్రామ్ నడుపుతుంది. మా మెట్ల మీద ఎవరినడిగినా ఆమె గురించి ముందు సాలీళ్ల సంగతే చెబుతారు, ట్రామ్ సంగతి తర్వాత. నేను మాత్రం కీచురాళ్లతో మొదలుపెడతాను. ఆ బాధ పడ్డది నేను కాబట్టి.

సాలీళ్లకు మేతగా ఆమె పెంచే కీచురాళ్లు పైపుల సందు గుండా మా స్నానాల గదిలోకి దిగేవి. ఒకరోజు పళ్లు తోముకుంటుంటే ఒకటి బ్రష్షు మీదకే దూకింది. స్కూలు వంటశాలలో జన్మంతా గరిటె తిప్పినదాన్ని, అదే గరిటె పట్టుకుని పైకెళ్లి తలుపు బాదాను. ట్రామ్ యూనిఫాంలోనే తలుపు తీసింది.

"అయ్యో, మీ ఇంటికొచ్చాయా? లావువా, సన్నవా?" అని అడిగింది కంగారుగా.

"లావో సన్నమో చూసి ఏం చేస్తాను, పేర్లు పెట్టనా? వచ్చి తీసుకుపో!"

వచ్చింది. మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్కదాన్నీ గాజు గ్లాసులో పట్టుకుంది. పోతూ పోతూ ప్లమ్ పండ్ల జామ్ సీసా ఒకటి నా చేతిలో పెట్టింది. అది మొదలు ఆమె నన్ను "లిబుషె" అనడం, నేను ఆమెను "ఏమే" అనడం. ఇప్పటికి చాలా ఏళ్లయింది.

ఆమె ఇంట్లో ముందుగది మొత్తం సాలీళ్లదే. గోడలకు నిలువునా అరలు, అరల నిండా మూతలున్న పెట్టెలు, చలికాలంలో కూడా ఆ గదిలో చెమట పడుతుంది. ఆమె మాత్రం వంటగదిలో మడత మంచం మీద పడుకుంటుంది. మొగుడు ఒకప్పుడు ఉండేవాడు. "నేనో, అవో తేల్చుకో" అన్నాడట. ఆలోచించుకోవడానికి కాస్త టైమడిగిందట ఈవిడ. ఆ టైమడగడమే ఆయనకు కోపం తెప్పించింది.

అన్నిట్లోకీ ఆమెకు ముద్దు ఎర్రమోకాళ్ల సాలీడు. టరంటులాలనే పెద్ద సాలీళ్లలో దానికి రాణి హోదా. అరచేతంత ఉంటుంది, ఒళ్లు నల్లన, మోకాళ్లు మాత్రం నిప్పుల రంగు. పుట్టిల్లు మెక్సికో కొండలు. ఒకప్పుడు అక్కడ కన్నాలు తవ్వి, పెట్టెలకు పెట్టెలు ఓడలెక్కించి ప్రపంచమంతా అమ్మారు. కొండలు బోసిపోయాక అక్కడి సర్కారు మేల్కొంది. తవ్వకూడదంది, దేశం దాటించకూడదంది. అప్పటినుంచి మా వైపు కొత్త సాలీడు రావడం ఆగిపోయింది. ఉన్నవాటికి పిల్లలు పుడితేనే దుకాణంలో సాలీడు కనబడేది. లేనప్పుడు దొంగదారిన వచ్చేది.

క్వెతా గర్వమంతా ఇక్కడే ఉంది. కొండ నుంచి పట్టి తెచ్చినది ఒక్కటంటే ఒక్కటి ఆమె చేత్తో కొనలేదు, అమ్మలేదు.

"నా దగ్గర చవగ్గా దొరికితే ఎవడైనా దొంగసరుకు ఎందుకు కొంటాడే? ఇక్కడ ఒక గుడ్ల మూట పొదిగితే అక్కడ ఒక కొండకి గునపం తప్పుతుంది" అనేది.

"మెక్సికో కొండలకి నువ్వు కాపలా. మరి నా స్నానాలగదికి ఎవరే కాపలా?" అనేదాన్ని నేను.

ఏటా రెండుమూడుసార్లు మా ఊరి ఆటల హాల్లో సాలీళ్ల సంత జరుగుతుంది. పోలాండు నుంచి, స్లొవాకియా నుంచి కూడా జనం వస్తారు. నేను తోడు వెళ్లి, బల్ల వెనక కూర్చుని, ఫ్లాస్కులో టీ పోస్తూ ఉంటాను. ఆ సంతకు తోలుజాకెట్టు వేసుకుని ఒకడు వచ్చేవాడు. వాడి పెట్టెల మీద ఊరూ పేరూ ఉండవు. ఒకసారి పెట్టె తెచ్చి మా బల్ల మీదే పెట్టాడు.

"తాజా సరుకు మేడమ్. కొండ వాసన ఇంకా పోలేదు, చూడండి."

"అది తీస్తావా, నా ట్రామ్ పట్టాల మీద పెట్టమంటావా?" అంది క్వెతా. వాడు నవ్వుకుంటూ పోయాడు.

ఇక ఈ సాలీళ్లవాళ్ల పెళ్లిళ్ల పద్ధతి చెప్పాలి. ఆడది ఇరవై ఏళ్లు పైబడి బతుకుతుంది. మగాడు ఆఖరి కుబుసం విడిచి ఈడుకొచ్చాక, ఏడాది బతికితే గొప్ప. అందుకని ఒకరింట్లో ఆడది ఉంటే మరొకరింటి మగాణ్ని ఎరువు తెచ్చుకుంటారు. పెళ్లయ్యాక పెళ్లికూతురు పెళ్లికొడుకుని తినేసినా సరే, ఇచ్చినవాళ్లు నోరెత్తకూడదు. పిల్లలు పుడితే చెరిసగం. అంతా నోటి మాట మీదే నడుస్తుంది.

క్వెతా పెద్ద ఆడసాలీడుకి ఎన్నో ఏళ్ల కిందట అలాగే సంబంధం కుదిరింది. ఒలొమొట్స్ దగ్గరి పల్లెలో విలెమ్ అని ఒకాయన, రైల్వేలో సిగ్నళ్లు చూసి రిటైరైన మనిషి. ఆయన బావమరిది ఓడలో ఇంజనీరు. నిషేధం రాకముందు మెక్సికోలో ఒక కొండ దగ్గర కొన్నిటిని తానే ఏరి తెచ్చి బావకిచ్చాడు. ఆ సంతతిలోని మగాణ్ని విలెమ్ గారు డబ్బాలో పెట్టుకుని, చలి తగలకుండా కోటు లోపల దాచుకుని రైల్లో వచ్చారు.

"పెళ్లికొడుకుని తెచ్చాను. ఆడపెళ్లివారు కాళ్లు కడుక్కోడానికి నీళ్లైనా ఇస్తారా?" అన్నారట గుమ్మంలోనే.

ఆ పెళ్లికి వందలకొద్దీ పిల్లలు పుట్టాయి. చెరిసగం పంచుకున్నారు. కొత్తవి వచ్చే దారి లేని రోజులు కాబట్టి అందరూ వీళ్ల దగ్గరే కొన్నారు. ఆ పిల్లలు పెరిగాయి, వాటికి పెళ్లిళ్లయ్యాయి, వాటి పిల్లలు సరిహద్దులు దాటాయి. క్వెతా, విలెమ్ గారూ ఇన్నేళ్లలో మంచి స్నేహితులయ్యారు గానీ "మీరు" అనుకోవడం మానలేదు. ఆయన "క్వెతమ్మా" అంటారు, ఈవిడ "విలెమ్ గారూ" అంటుంది.

రెండేళ్ల కిందట వసంతంలో ఆయన ఫోను చేశారు.

"క్వెతమ్మా, మా పెద్దమ్మాయికి సంబంధం చూడాలి. మీ ఇంట్లో ఈడైన కుర్రాడెవడైనా ఉన్నాడా?"

పెద్దమ్మాయి అంటే ఆయన దగ్గర మిగిలిన ఒకే ఒక్క ఆడసాలీడు. బావమరిది తెచ్చినవాటి కూతురు. మిగతా సంతానాన్నంతా ఆయన అడిగినవాళ్లకల్లా పంచిపెట్టేశారు, అవి ఎక్కడెక్కడో కలిసిపోయాయి. క్వెతా తన ఇంట్లో పుట్టిన మగాళ్లలో మంచివాణ్ని ఏరి, స్వయంగా తీసుకెళ్లి ఇచ్చి వచ్చింది. పెళ్లి చక్కగా జరిగిందని ఆయన మళ్లీ ఫోను చేశారు. పెళ్లికొడుకు క్షేమంగానే బయటపడ్డాడట.

అంతకుముందు చలికాలంలో సాలీళ్లు పెంచేవాళ్ల సంఘం కలుసుకునే బీరు హాలుకి ప్రాగ్ నుంచి ఒక పరిశోధకుడు వచ్చి మాట్లాడాడు. మనం ఇన్నాళ్లూ ఒకే పేరుతో పిలుస్తున్న ఎర్రమోకాళ్ల సాలీళ్లు నిజానికి రెండు రకాలట. మధ్యలో పెద్ద నది. అటు కొండలవి వేరు, ఇటు కొండలవి వేరు. పైకి చూస్తే పోల్చడం కష్టం. పాత రోజుల్లో పట్టేవాళ్లు రెండిటినీ కలిపి ఒకే పెట్టెలో పంపేవారు. మీ ఆడసాలీళ్లు విడిచిన కుబుసాలు ఇస్తే చూసి చెబుతానన్నాడాయన. క్వెతా పెళ్లినగలు చూపించే దానిలా మురిసిపోతూ పెద్దదాని కుబుసం ఇచ్చింది. విలెమ్ గారు పెద్దమ్మాయిది ఇచ్చారు.

జవాబు వేసవి మొదట్లో వచ్చింది. ట్రామ్ చివరి స్టాపులో ఉండగా ఫోను మోగిందట. ఆ సాయంత్రం తన ఇంటికి పోకుండా తిన్నగా మా ఇంటికి వచ్చి, సంచి భుజానికి ఉండగానే కుర్చీలో కూలబడింది.

"లిబుషె, మా పెద్దది నదికి అవతలిదట. విలెమ్ గారివి ఇవతలివట."

"ఉంటే ఏమైందే? రెండిటికీ మోకాళ్లు ఎరుపే కదా."

"ఆ పెళ్లి చేసింది నేను. పుట్టిన పిల్లలు ఏ కొండవీ కావు. వాటిని దేశమంతా అమ్మాను. కొండలు ఖాళీ అయితే అవనీ, మా దగ్గర పదిలంగా ఉన్నాయిలే అని ఇన్నాళ్లూ గొప్పలు పోయాను కదే. పదిలంగా ఏమీ లేవు. తవ్వినవాళ్లు సగం పాడుచేస్తే మిగతా సగం నేనే చెరిపేశాను."

"తెలిసి చేశావా ఏమన్నా?"

"అప్పుడు తెలీదు. ఇప్పుడు తెలుసుగా. ఆ ఇవతలి రకంలో కల్తీ కానిది ఇంక విలెమ్ గారి పెద్దమ్మాయొక్కతే. ఆయనకి ఫోన్ చేసి మీది మేలిమిదని చెప్పారట, ఊరంతా చెప్పుకుంటున్నారాయన. దాని దగ్గరికి నా ఇంటి మగాణ్ని పంపానే నేను."

అప్పటికైనా ఫోను చేసి చెప్పాల్సింది. చేసింది కూడా. మీ వైపు వానలు పడ్డాయా అని అడిగి పెట్టేసింది. మర్నాడు మళ్లీ చేసి ఆయన మోకాలి నొప్పి గురించి మాట్లాడింది. నేను పక్కనే ఉండి చేత్తో సైగలు చేస్తూనే ఉన్నాను. చెబితే ఆయన ఒక్కరికి చెప్పినట్టు కాదు, తన దగ్గర కొన్నవాళ్లందరికీ చెప్పినట్టే. ఆ భయం ఎంతో, ఆయన సంతోషం చెడగొడతానన్న భయం ఎంతో, నేను తూచలేదు. ఆమె తిండి మానేసింది, సాలీళ్లకి మాత్రం వేళకి పెట్టింది.

వేసవి చివర్లో ఆయనే చేశారు. పెద్దమ్మాయి గుడ్ల మూట చుట్టిందట, వచ్చి చూసిపొమ్మన్నారు. క్వెతా నన్ను కూడా బయల్దేరదీసింది. ఒంటరిగా వెళితే చెప్పకుండా వచ్చేస్తానని తనకే అనుమానం.

ఆయన ఇల్లంతా పీచ్ పండ్ల వాసన. మా కోసం స్వయంగా కొలాచె అనే తీపి రొట్టెలు కాల్చారు, అడుగు మాడినా మేం తిన్నాం. వెనకగదిలో పెట్టె మూత తీసి చూపించారు. పెద్దమ్మాయి తెల్లటి మూటని కాళ్లన్నిటితో పొదువుకుని కూర్చుంది. సాలీడంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. కానీ అది మూటని తిప్పి, సర్దుకుని, మళ్లీ హత్తుకున్నప్పుడు నేను మొహం తిప్పుకోలేదు.

"చూశారా క్వెతమ్మా, ఎలా కాపలా కాస్తోందో! ఈసారి ఒక్కటి కూడా ఊరికే పంచను. ఆ కొండ రకాన్ని నిలబెట్టేవాళ్లకే ఇస్తాను. నేను పోయినా అవి ఉంటాయి" అన్నారాయన.

క్వెతా తలూపింది. మధ్యాహ్నమంతా తలూపుతూనే ఉంది. నేను బల్ల కింద కాలితో తన్నాను, అయినా తలూపింది. చివరికి ఆయన మమ్మల్ని స్టేషనుదాకా సాగనంపారు. రైలొచ్చింది. ఎక్కాం. గొడుగు పైన పెట్టి నేను కూర్చోబోతుంటే ఈవిడ నా చెయ్యి పట్టుకుని బరబరా కిందకి లాగింది. గార్డు ఈలవేశాడు. నా గొడుగు రైల్లోనే పోయింది.

"ఏమైంది? ఏమైనా మరిచారా?" అన్నారు విలెమ్ గారు.

ప్లాట్‌ఫారం బల్ల మీదే కూర్చుని చెప్పింది. ఒక్క గుక్కలో చెప్పేసింది, తనకి ఎప్పుడు తెలిసిందో, ఎన్నిసార్లు ఫోను చేసి చెప్పలేకపోయిందో, అన్నీ. ఆయన తిడతారేమోనని నేను నోరు సిద్ధం చేసుకున్నాను.

"ఆ పాత పెళ్లికొడుకుని తెచ్చింది నేనే కదా. మీరొక్కరూ ఎందుకు మోస్తున్నారు?" అన్నారాయన.

ఆ గుడ్లు పిల్లలు కాకుండా చూడాలని ముగ్గురం మళ్లీ ఇంటికి నడిచాం. ఆయన పెద్ద చెంచాతో మూటని లాగబోతే పెద్దమ్మాయి వదల్లేదు. కోరలు చెంచాకి తగిలి టక్కుమంది. చివరికి మూటని డబ్బాలో పెట్టి, ఫ్రీజరులో ప్లమ్ పండ్ల ఉండల పక్కన సర్దారు. చలికి ఏమీ తెలీకుండానే పోతాయని క్వెతా చెప్పింది. ఎవరికి చెప్పిందో నాకు తెలియలేదు. పెట్టెలో పెద్దమ్మాయి మూట ఉన్నచోట కాళ్లతో తడుముతోంది.

"దీనికి వయసైపోతోంది. ఇంకొక్క కాన్పు, మహా అయితే రెండు. కల్తీ లేని మగాణ్ని ఎక్కణ్నుంచి తేవాలి?" అన్నారాయన.

"వెతుకుదాం. జర్మనీ వాళ్లనడుగుదాం, పోలాండు వాళ్లనడుగుదాం" అంది క్వెతా.

"ఎవరినడుగుతారు? ఈ చుట్టుపట్ల ఉన్న ప్రతి మగాడూ మీ మనవడే క్వెతమ్మా."

ఆయన వేళాకోళానికి అన్నట్టే అన్నారు. మళ్లీ ఆయనే గొంతు తగ్గించి అడిగారు: "ఆ తోలుజాకెట్టు అబ్బాయి... వాడి నెంబరు మీ దగ్గరేమైనా ఉందా?"

"విలెమ్ గారూ! మీరా ఈ మాటనేది?"

"నాకు మాత్రం ఇష్టమా? చెప్పండి, ఇంకో దారి చెప్పండి, వింటాను."

క్వెతా నెంబరు లేదంది, అది నిజమే. రైల్లో వస్తూ ఉన్నట్టుండి అంది: "నేను నోరు మూసుకుని ఉంటే ఆయన ఆ మాట అడిగేవారు కాదు కదే."

"నోరు మూసుకుని ఉంటే నువ్వీపాటికి చచ్చేదానివి" అన్నాను. నా గొడుగు పోయిన కోపం ఇంకా ఉంది.

ఆ శరత్తులో సంతకి వెళ్లినప్పుడు ఆమె తన పెట్టెలన్నిటి మీదా పెద్దక్షరాలతో రాసి అంటించింది: "రెండు రకాలు కలిసినవి. జత కట్టించవద్దు." జనం ఆగి చదివారు. కొందరు వెనక్కి జరిగారు, ఏళ్లుగా కొంటున్న ఒకాయన ఆమెను నిలబెట్టి కడిగేశాడు. ఇంకొందరు చేతులు పట్టుకుని, ఇలా చెప్పుకున్న మనిషిని ఈ సంతలో చూడలేదన్నారు. ఆమె చూపు హాలు చివర ఆగిపోయింది. నేనూ అటు చూశాను. తోలుజాకెట్టు వాడి బల్ల దగ్గర విలెమ్ గారు, టోపీ చేత్తో పట్టుకుని, వాడికేదో చెబుతున్నారు. ఆయన తల తిప్పారు. మమ్మల్ని చూశారు. టోపీ పెట్టుకుని వెళ్లిపోయారు.

"వెళ్లి ఆపవే" అన్నాను.

"ఏమని ఆపను?"

ఆమె లేవలేదు. ఆ తర్వాత చాలా రోజులు ఆ మాటే తిప్పి తిప్పి చెప్పింది, రెండడుగులు వేసి ఉంటే ఆగిపోయేవారని. వేయలేదు, ఎందుకంటే ఆగకూడదని లోపల ఎక్కడో ఉంది. ఆ మాట కూడా తనే అంది.

చలికాలం వెళ్లాక ఆయన ఫోను వచ్చింది. ఒక్కసారి రండి, నా చేతులు వణుకుతున్నాయి అన్నారు.

వంటగది బల్ల మీద న్యూస్‌పేపరు పరిచి ఉంది. దాని మీద సాక్సు ముక్కలు, కత్తిరించిన ప్లాస్టిక్ గొట్టాలు. మెక్సికో నుంచి పిల్లాడి బొమ్మల పార్సెల్‌లో దాచి పంపారట. గొట్టానికొకడు చొప్పున మగసాలీళ్లు. ఒక్కడు తప్ప అందరూ కాళ్లు లోపలికి ముడుచుకుని చచ్చిపోయి ఉన్నారు. చలికో, దాహానికో, దారిలో ఎన్నాళ్లు పడి ఉన్నారో. విలెమ్ గారు వాళ్లని వరసగా పెట్టారు, పారేయడానికి మనసొప్పలేదట.

బతికినవాడు గాజు పెట్టెలో ఉన్నాడు. క్వెతా వంగి చూసింది. నేను ఆమె మొహాన్నే చూస్తున్నాను. ముందు అక్కడ వచ్చింది సంతోషం. చంటిపిల్లాణ్ని చూసినప్పుడు వస్తుందే, అలాంటి సంతోషం.

"ఎంత బావున్నాడో చూడవే! అసలు రంగంటే ఇదీ" అంది.

అన్న మరుక్షణం నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది. బల్ల మీది వాళ్ల వైపు తిరిగింది. ఒకడి కాలి వెంట్రుకల్లో ఎర్రమట్టి అంటుకుని ఉంది. ఆమె దాన్ని గోటితో ముట్టుకుని, చెయ్యి వెనక్కి తీసుకుంది.

"వీళ్లంతా వానల్లో ఆడవాళ్లని వెతుక్కుంటూ బయల్దేరినవాళ్లు లిబుషె. మగాళ్లు దొరికేది అప్పుడే. అక్కడ కన్నాల్లో ఆ ఆడవాళ్లు వీళ్ల కోసం కూర్చునే ఉంటారు."

పురుగులే కదే అందామనుకున్నాను.

పెళ్లి ఆమే చేసింది. పెద్దమ్మాయి పెట్టె మూత తీసి, మగాణ్ని నెమ్మదిగా దించింది. చేతిలో మెత్తటి కుంచె, ఆడది మీదపడితే అడ్డం పెట్టడానికి. వాడు ముందుకాళ్లతో నేలమీద టకటకా కొట్టాడు. లోపల్నుంచి అదీ కొట్టింది. అయ్యాక క్వెతా కుంచె అడ్డం పెట్టి వాణ్ని ప్రాణాలతో తప్పించింది. ఆమె చేయి ఒక్కసారి కూడా వణకలేదు. తిరిగి వచ్చేటప్పుడు రైల్లో మాత్రం రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని కూర్చుంది, ఎవరైనా చూస్తారన్నట్టు.

గుడ్లు పిల్లలయ్యాయి. ప్రాగ్ ఆయన చూసి కల్తీ లేదన్నాడు. తండ్రి ఎక్కడివాడని ఆయనా అడగలేదు, వీళ్లూ చెప్పలేదు. అన్నీ ఒకే ఇంట్లో ఉంటే ఏదో ఒక జబ్బుకి ఒకేసారి పోతాయి. నాలుగిళ్లకీ చేరాలి. విలెమ్ గారి మోకాలు బాగా చెడింది, సంతలో నిలబడలేరు. "మీరు అమ్మితే జనం నమ్ముతారు క్వెతమ్మా" అన్నారు. ఆమె చాలా రోజులు ఔననలేదు, కాదనలేదు. ఆ పిల్లలకి మేత మాత్రం తనే వెళ్లి వేసి వచ్చేది. చివరికి ఒకరోజు మా తలుపు కొట్టి, ఆదివారం సంతకి వస్తావా అని అడిగింది.

ఆ ఆదివారం మా బల్ల ముందు జనం మూగారు. గోరంత పిల్లలు, మందుబిళ్లల సీసాల్లో, ఒక్కో సీసాలో ఒక్కటి. అందరూ రకం అడుగుతున్నారు, వయసడుగుతున్నారు, ఆమె చెబుతోంది. తోలుజాకెట్టు వాడు దూరం నుంచి ఆమెకి టోపీ ఎత్తాడు. ఆమె చూడనట్టు ఊరుకుంది.

మధ్యాహ్నం దాటాక కళ్లద్దాల అమ్మాయి ఒకతె వచ్చింది, చదువుకునే పిల్లలా ఉంది. సీసా ఎత్తి వెలుతురులో చూసింది. వెంటనే కొనలేదు.

"ఒక్క మాట అడగొచ్చా ఆంటీ? మీరు కాబట్టి అడుగుతున్నాను. వీటి తండ్రి కొండ నుంచి పట్టి తెచ్చినది కాదు కదా? అలాంటివి నేను ముట్టను. మిగతావాళ్లని అడిగితే ఏదో ఒకటి చెప్పేస్తారు. మీరైతే మీ సొంతవాటినే కల్తీ అని రాసి పెట్టుకున్నారు. మీ మాటైతే నాకు చాలు."

నేను ఫ్లాస్కు మూత బిగిస్తూ క్వెతా వైపు చూశాను. క్వెతా ఆ అమ్మాయి మొహంలోకి తిన్నగా చూసింది.

"కాదమ్మా. విలెమ్ గారింట్లో పుట్టి పెరిగినవాడే" అంది.

ఆ అమ్మాయి సంతోషంగా నవ్వి, తన స్నేహితురాలికి కూడా ఒకటి కావాలంది.